కామాటిపురా పిల్లి తిరిగిన ఏడిళ్లు

మన ఇళ్లలో పిల్లలు ఇప్పుడు ఒక రకం ఇంగ్లీషు నవలలు తెగ చదువుతున్నారు. వందా నూటయాభై ఏళ్ల కిందటి ఊరు ఒకటి ఉంటుంది. సన్నటి వీధులు, వాన, ఒక చిన్న కొట్టు. కొట్టు నడిపే మనిషికి కాస్త మంత్రం తెలుసు, మరీ ఎక్కువ కాదు. రాజ్యాలు కూలవు, ఎవరూ కత్తి దూయరు. తప్పిపోయిన పిల్లుల్ని, ఎవరో తరిమేసిన పిల్లుల్ని తెచ్చి ఆ కొట్లో పెట్టుకుంటారు. చివరికి పిల్లులు బతుకుతాయి, వాటిని సాకినవాళ్ల బతుకూ కాస్త కుదుటపడుతుంది. ఈ రకాన్ని కోజీ ఫాంటసీ అంటున్నారు. వానాకాలం సాయంత్రం దుప్పటి కప్పుకుని చదివే కథలు అనుకోండి.

ఇవి మాకూ ఇష్టమే. కాని చదివిన ప్రతిసారీ ఒకటి తోస్తుంది. వాన, సన్నటి గల్లీలు, చిన్న కొట్లు, ఎలుకలు, పిల్లులు, మంత్రాలు, పాత కాలం: ఇవన్నీ ఉన్న చోటు మన తెలుగువాళ్లకీ ఒకటి ఉంది. దాని పేరే తెలుగు మాట. కామాటం అంటే కూలి పని, కామాటి అంటే పనివాడు. కామాటిపురా. బొంబాయిలో అంత పాత తెలుగు పేట ఇంకోటి చెప్పడం కష్టం. అయినా ఆ పేరు చెప్పడానికి మన వాళ్లే వెనకాడతారు. ఎక్కడివాళ్లు అంటే "బొంబాయి సెంట్రల్ దగ్గర" అంటారు. సంబంధాలు చూసేటప్పుడైతే మరీను. ఎందుకో మీకు తెలుసు, మళ్లీ చెప్పక్కర్లేదు. సినిమాలు చెప్పింది చాలు.

అందుకని ఈసారి ఆ పేటని ఇంకో వైపు నుంచి చూద్దాం అనుకున్నాం. పిల్లుల వైపు నుంచి. నవ్వకండి. పిల్లుల్ని పట్టుకుని వెళితే చరిత్ర చాలా దూరం కనిపిస్తుంది.

కామాటిపురా ఎలా పుట్టింది

బొంబాయి మొదట ఏడు దీవులు. వర్లీ, మహాలక్ష్మి మధ్య గండిలోంచి సముద్రం లోపలికి వచ్చి, మధ్యలో నేలంతా బురద చేసేది. ఆ గండిని 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్టతో మూసేశారు. నీళ్లు తగ్గాక బయటపడిన పల్లపు నేల ఎవరికీ అంతగా అక్కర్లేదు. వానొస్తే మునిగేది. ఆ నేల మీద గుడిసెలు వేసుకున్నవాళ్లు నిజాం రాజ్యం నుంచి, అంటే ఇప్పటి తెలంగాణ వైపు నుంచి, రాళ్లు కొట్టడానికి, మట్టి మోయడానికి వచ్చిన కామాటీలు. వాళ్ల పేరే పేటకి వచ్చింది. గల్లీలకి మాత్రం పేర్లు పెట్టలేదు, అంకెలు పెట్టారు. ఒకటో గల్లీ, రెండో గల్లీ, అలా పదికి పైనే.

ఊరు కట్టినవాళ్లు పల్లంలో ఉన్నారు. కొందరు కాంట్రాక్టర్లుగా పైకీ వచ్చారు. వ్యంకు బాళు కాలేవార్, రామయ్య వెంకయ్య అయ్యవారు లాంటి బొంబాయి తెలుగువాళ్లు జ్యోతిరావు ఫులే 1873లో పుణేలో పెట్టిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలబడ్డారు. ఇది మన పిల్లలకి చెప్పవలసిన సంగతి. కామాటిపురా అంటే ఇదీ ఉంది.

ఆ తర్వాత మిల్లులు వచ్చాయి. పద్మశాలీలు మగ్గం వదిలి మిల్లు పనికి వచ్చారు. కామాటిపురా నుంచి లోయర్ పరేల్, వర్లీ, ప్రభాదేవి దాకా తెలుగు చాళ్లు పాకాయి. మా పెద్దవాళ్లలో కొందరు ఆ గదుల్లోనే పెరిగారు. మేము బడిలో చదువుకున్నది కన్నడం, తెలుగు ఇంట్లో విని నేర్చుకున్నది. ఆ ఇంటి తెలుగులో మరాఠీ, దక్కనీ మాటలు ఎన్ని ఉండేవో లెక్కలేదు. పిల్లిని మాంజర్ అని పిలిచిన అత్తమ్మలూ ఉన్నారు.

జంతువుల్ని కాపాడిన ఊరు

బొంబాయికి ఒక విచిత్రమైన చరిత్ర ఉంది. ఈ ఊళ్లో మనుషులు జంతువుల కోసం వీధిలోకి వచ్చి కొట్లాడారు. 1832లో కంపెనీ వాళ్లు వీధి కుక్కల్ని చంపమని ఆర్డరు ఇచ్చారు. కుక్కని పవిత్రంగా చూసే పార్సీలు ఊరుకోలేదు. జూన్ నెలలో పెద్ద గొడవ జరిగింది, కోట ప్రాంతంలో బజార్లు మూతపడ్డాయి. ఇది జరిగిన రెండేళ్లకి, 1834లో, జంషెడ్‌జీ జీజీభాయ్, గుజరాతీ వ్యాపారులు కలిసి పాంజ్రాపోల్ పెట్టారు. దిక్కులేని జంతువుల్ని చంపకుండా తెచ్చి మేపే చోటు అన్నమాట. భులేశ్వర్ దగ్గర అది ఇప్పటికీ ఉంది. కామాటిపురా నుంచి నడిచి వెళ్లే దూరం.

1874లో జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపడానికి బొంబాయిలో సంఘం ఏర్పడింది. 1880ల్లో సర్ దిన్షా మానెక్‌జీ పెటిట్ తన భార్య సకర్‌బాయి పేరున పరేల్‌లో జంతువుల ఆసుపత్రి కట్టించారు. పరేల్ అంటే మన మిల్లు తెలుగువాళ్ల పేట. మనిషికి జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్లడానికి భయపడే రోజుల్లో, పక్క వీధిలోనే జంతువులకి ఆసుపత్రి ఉంది. ఇంగ్లీషు నవలలో ఇలాంటి చోటు కనిపిస్తే రచయిత ఊహ ఎంత బాగుందో అనుకుంటాం. ఇది ఊహ కాదు.

చాళ్లో చెప్పుకున్న మూడు కథలు

మంత్రం సంగతి చూద్దాం. పిల్లి, మంత్రం, పాత కాలం కలిసిన కథలు మన చుట్టూ మూడు ఉన్నాయి.

మొదటిది రాకా కుమ్మరి కథ. మరాఠీ కవి మహీపతి 1762లో రాసిన భక్తవిజయంలో ఉంది. పండరి దారి పట్టే వార్కరీల నోట, భజనల్లో ఇలాంటి కథలు బొంబాయి చాళ్లకీ చేరాయి. రాకా కుండలు చేసి ఆరబెట్టాడు. ఒక పచ్చి కుండలో పిల్లి పిల్లల్ని పెట్టింది. రాకా చూడలేదు. కుండలన్నీ ఆవంలో పేర్చి నిప్పు పెట్టేశాడు. మంట లేచాక తల్లి పిల్లి వచ్చి ఆవం చుట్టూ అరుస్తూ తిరిగింది. అప్పుడు తెలిసింది. రాకా నేల మీద పడి పాండురంగణ్ణి వేడుకున్నాడు: వీటిని బతికించు, నాకున్నదంతా పంచేస్తాను. ఆవం చల్లారాక తీసి చూస్తే అన్ని కుండలూ కాలాయి, ఆ ఒక్క కుండ పచ్చిగానే ఉంది. లోపల పిల్లి పిల్లలు క్షేమంగా ఉన్నాయి. రాకా అన్న మాట ప్రకారం ఇల్లు ఖాళీ చేసేసి, భార్యతో కలిసి పుల్లలు ఏరుకుని బతికాడు.

ఈ కథలో మంత్రం కంటే మాకు ఎక్కువ నచ్చేది ఇంకోటి. రాకా చెడ్డవాడు కాదు. తన పని తను చేసుకున్నాడు. నిప్పు పెట్టే ముందు కుండలోకి చూడలేదు, అంతే. దాని ఖరీదు ఎవరు కట్టాలి? రాకా తనే కట్టాడు. పిల్లిదే తప్పు, కుండలో ఎందుకు పెట్టింది అనలేదు.

రెండోది మన తెనాలి రామకృష్ణుడి పిల్లి. విజయనగరంలో ఎలుకలు ఎక్కువైతే రాయలవారు ఇంటికో పిల్లిని, దానికి పాలు పోయడానికి ఒక ఆవునీ ఇప్పించారట. జనం పిల్లులకి పాలు తాగించి తాగించి బలిపించారు. రామకృష్ణుడు మాత్రం మొదటి రోజే సలసల కాగే పాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి మళ్లీ పాలు అంటేనే పారిపోయింది. ఆవు పాలు ఇంట్లోవాళ్లు తాగారు. రాయలవారు అడిగితే, మా పిల్లి పాలు ముట్టదు ప్రభూ, మీరే చూడండి అన్నాడు. చిన్నప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు చదివితే పిల్లి మీద జాలి వేస్తుంది. ఇంట్లో పసివాళ్లకి లేని పాలు పిల్లికి పోయమనే ఆర్డరు తెలివితక్కువది, నిజమే. కాని ఆ ఆర్డరు తప్పుకి మూతి కాలింది పిల్లికి. పండరి మహిమ మీద పాండురంగ మాహాత్మ్యం అనే కావ్యం రాసింది కూడా తెనాలి రామకృష్ణ కవే. పిల్లిని కాపాడిన పాండురంగడూ, పిల్లి మూతి కాల్చిన రామకృష్ణుడూ ఇలా ఒకచోట కలిశారు.

మూడోది చచ్చిన ఎలుక కథ. కథాసరిత్సాగరంలో ఉంది. దాని మూలం గుణాఢ్యుడి బృహత్కథ అంటారు, గుణాఢ్యుడు శాతవాహన రాజుల ఆస్థానం వాడని ప్రతీతి. వాళ్ల రాజధాని పైఠణ్, ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది. ఒక బీద కుర్రాడు అప్పు అడగడానికి షావుకారు దగ్గరికి వెళ్తాడు. అక్కడ ఒక చచ్చిన ఎలుక పడి ఉంటుంది. దాన్నే పెట్టుబడిగా తీసుకుంటాడు. ఒక వర్తకుడి పిల్లికి ఆ ఎలుకని అమ్మి గుప్పెళ్ల కొద్దీ సెనగలు తెచ్చుకుంటాడు. సెనగలు, మంచినీళ్లు కట్టెలు మోసేవాళ్లకి పెట్టి కట్టెలు సంపాదిస్తాడు. అలా పెరిగి పెద్ద సేఠ్ అవుతాడు. లండన్‌వాళ్లకి డిక్ విట్టింగ్టన్ కథ ఉంది, పిల్లి వల్ల ధనవంతుడై లండన్ మేయరు అయినవాడు. విట్టింగ్టన్ నిజం మనిషి, 1423లో చనిపోయాడు. పిల్లి మాత్రం తర్వాత జనం కలిపింది. మన కథ దానికంటే చాలా పాతది.

వలస వచ్చినవాడికి ఈ కథ మీద ఎందుకు మమకారమో చెప్పక్కర్లేదు. చేతిలో ఏమీ లేకుండా బొంబాయి దిగినవాడికి చచ్చిన ఎలుక కూడా పెట్టుబడే. కాని 1896లో బొంబాయిలో చచ్చిన ఎలుక అర్థం మారిపోయింది.

ఎలుకలు రాలిన ఏడాది

1896 సెప్టెంబరులో రేవు దగ్గర మాండ్వీలో, ధాన్యం గోదాముల మధ్య, డాక్టర్ అకాసియో గాబ్రియల్ వీగస్ ఒక రోగిని చూసి ఇది ప్లేగు అని గుర్తుపట్టారు. ముందు ఎలుకలు చచ్చేవి, తర్వాత మనుషులు. గోదాముల నుంచి కామాటిపురా, నాగ్‌పాడా, బైకుల్లా లాంటి కిక్కిరిసిన పేటల్లోకి పాకింది. 1891 జనాభా లెక్కల్లో ఊళ్లో ఎనిమిది లక్షల మందికి పైనే ఉన్నారు. 1897 మొదటి నెలలు వచ్చేసరికి లక్షల మంది ఊరు విడిచి పోయారు. రైళ్లు, పడవలు, నడక. వాళ్లతో పాటు జబ్బూ ఊళ్లకి వెళ్లింది. 1898లో బెంగుళూరు చేరింది. అక్కడ వీధి మూలల్లో ప్లేగమ్మ గుళ్లు వెలిశాయి, కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. ఆ తర్వాత పాతిక ముప్పై ఏళ్లలో దేశంలో కోటి మందికి పైగా ప్లేగుతో పోయారు.

సర్కారు ఏం చేసింది? 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం తెచ్చింది. కొత్త ప్లేగు కమిటీ వచ్చింది. సిపాయిలు, డాక్టర్లు ఇళ్లలోకి దూరి జబ్బువాళ్లని వెతికారు. గోడలకి సున్నం కొట్టారు, మందు నీళ్లు పంపులతో చిమ్మారు, వెలుతురు రావాలని పైకప్పు పెంకులు పీకారు. పనికిరాదు అనుకున్న ఇంటి మీద యు.హెచ్.హెచ్. అని మూడు అక్షరాలు రాశారు. మనుషులు ఉండటానికి తగదు అని దాని అర్థం. ఇంగ్లీషు రాని కామాటికి తన గుమ్మం మీద ఏం రాశారో కూడా తెలిసి ఉండదు. మన కథల్లో గుమ్మం మీద రాసే అక్షరాలు దెయ్యం రాకుండా కాపాడతాయి. ఈ అక్షరాలు ఇంట్లోవాళ్లనే బయటికి పంపాయి.

1898 మార్చిలో కామాటిపురా పక్కనే ఉన్న మదన్‌పురాలో, జులాహా నేతగాళ్ల ఇంట్లో జబ్బుపడ్డ పిల్లని చూడటానికి ప్లేగు సిబ్బంది వస్తే జనం తిరగబడ్డారు. కాల్పులు జరిగాయి. జబ్బు కంటే ఆసుపత్రికి ఎత్తుకుపోవడం అంటేనే భయం.

తమాషా ఏంటంటే, ఇంత హడావిడిలో అసలు కారణం ఎవరికీ తెలీదు. నేలలో విషం ఉందనీ, గాలి చెడిందనీ అనుకున్నారు. 1898లో కరాచీలో పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి డాక్టరు, ఎలుక ఒంటి మీద ఉండే దుమికే పురుగు, ఇంగ్లీషులో ఫ్లీ అంటారు, అదే ఎలుక నుంచి జబ్బు మోస్తోందని కనిపెట్టాడు. చాలామంది నమ్మలేదు. బొంబాయిలో గ్లెన్ లిస్టన్ 1904 ప్రాంతంలో జబ్బు వచ్చిన ఇళ్లలో గినీ పిగ్‌లని వదిలి, వాటి మీదికి ఎక్కిన పురుగుల్ని పరీక్షించాడు. 1905 నుంచి పరేల్‌లో ప్లేగు కమిషన్ వాళ్లు వరసగా ప్రయోగాలు చేసి దాన్ని రుజువు చేశారు. ఎలుక చస్తే దాని ఒళ్లు చల్లబడుతుంది. ఆకలేసిన పురుగు వెచ్చటి ఇంకో ఒంటిని వెతుక్కుంటుంది. ఒక్క గదిలో పదిమంది పడుకునే చాళ్లో ఆ ఒళ్లు దొరకడం ఎంతసేపు?

మంచి పనీ జరిగింది. హాఫ్కిన్ గ్రాంట్ మెడికల్ కాలేజీలో చిన్న గదిలో టీకా తయారుచేసి, 1897 జనవరి 10న ముందు తన ఒంట్లోనే ఎక్కించుకున్నాడు. తర్వాత బైకుల్లా జైలులో ఒప్పుకున్న ఖైదీలకి ఇచ్చారు. ఆ జైలు కామాటిపురాకి కూతవేటు దూరం.

పిల్లుల డాక్టరు

ఇక్కడే మన నవలలో రావలసిన మనిషి వస్తాడు. పేరు ఆండ్రూ బుకానన్. ఇండియన్ మెడికల్ సర్వీసు డాక్టరు, మధ్య పరగణాల్లో పనిచేశాడు. ఊరూరా తిరిగి ఎక్కడ ప్లేగు వచ్చింది, ఎక్కడ రాలేదు అని చూశాడు. పిల్లులు ఎక్కువ ఉన్న ఊళ్లలో ప్లేగు తక్కువ అని తేల్చాడు. 1908లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అదే రాశాడు: విషం పెట్టకండి, బోనులు వద్దు, ఇంటికో పిల్లిని పెంచండి. అదే ఏడాది జపాన్ వెళ్లిన రాబర్ట్ కోహ్, క్షయ క్రిమిని కనిపెట్టిన గొప్పవాడు, అక్కడ కూడా పిల్లుల్ని పెంచమనే చెప్పాడు. అంటే రాయలవారి ఆర్డరు నాలుగు వందల ఏళ్ల తర్వాత, ఆవు లేకుండా, మళ్లీ వచ్చిందన్నమాట.

మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. రెండు సంగతులు ఒకేచోట కనిపిస్తే ఒకటి రెండోదానికి కారణం అని రిపోర్టులో రాయకూడదు. పిల్లులున్న ఊళ్లో ఎలుకలు తక్కువ కావచ్చు. లేదా పిల్లికి పెట్టడానికి నాలుగు మెతుకులు మిగిలే ఇల్లు కాస్త గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు కావచ్చు. బుకానన్ మాట అందరూ ఒప్పుకోలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ప్లేగు ఎలుకని తిన్న పిల్లికీ ప్లేగు వస్తుంది. జబ్బు చేసిన పిల్లి నుంచి మనిషికీ రావచ్చు. అమెరికా పడమటి రాష్ట్రాల్లో 1970ల చివర నుంచి ఇలాంటి కేసులు నమోదయ్యాయి. కాబట్టి పిల్లిని మంత్రగాడిలా ఇంట్లో పెట్టుకుంటే చాలు అనుకోవడం కుదరదు.

అయినా బుకానన్ చేసిన పనిలో ఒక మంచి ఉంది. అందరూ గోడలు, పెంకులు, చట్టాలు చూస్తున్నప్పుడు ఆయన గుమ్మంలో కూర్చున్న పిల్లిని చూశాడు. దాన్ని లెక్కపెట్టాడు. ప్లేగు కాగితాల్లో మనుషులనే అంకెలుగా మార్చి వదిలేసిన రోజుల్లో, పిల్లిని కూడా ఒక ప్రాణిగా పట్టించుకోవడం తక్కువ పనేమీ కాదు.

ముంబయి ఎలుకలు ఇప్పటికీ తగ్గలేదు. మునిసిపాలిటీ వాళ్లు రాత్రిపూట టార్చి, కర్ర ఇచ్చి ఎలుకలు చంపే మనుషుల్ని పెట్టుకుంటారు. రాత్రికి ముప్పై ఎలుకలు చంపాలని లెక్క. అదే గల్లీలో పిల్లి కూడా డ్యూటీలోనే ఉంటుంది, జీతం లేకుండా.

ఏడిళ్లు

పిల్లి పిల్లల్ని పెట్టి ఏడిళ్లు తిప్పుతుంది అంటారు మన వాళ్లు. ఒకచోట భయం వేస్తే మెడ పట్టుకుని ఇంకోచోటికి మోసుకుపోతుంది. పిల్ల ఏమీ చెయ్యదు, ఊరికే వేలాడుతుంది. వైష్ణవ గురువులు దీన్నే మార్జాల కిశోర న్యాయం అన్నారు: దేవుడు తల్లి పిల్లిలా మోస్తాడు, మనం పట్టుకోవలసిన పని కూడా లేదు అని. కోతి పిల్లైతే తల్లిని తనే గట్టిగా పట్టుకోవాలి. వలసవాళ్లం మనం ఏ రకం అని ఎవరైనా అడిగితే, కోతి పిల్లలమే. ఎవరూ మెడ పట్టి మొయ్యలేదు, మనమే పట్టుకుని వేలాడాం.

మన వాళ్ల ఏడిళ్లూ లెక్కపెట్టండి. ఊళ్లో ఇల్లు ఒకటి. కామాటిపురా గుడిసె రెండు. ఆ గుడిసెల చోట లేచిన చాళి గది మూడు. ప్లేగు పుణ్యమా అని 1898లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పుట్టింది. దాని మొదటి పథకమే కామాటిపురా పక్క నాగ్‌పాడా. ఇరుకు ఇళ్లు కూలగొట్టి రోడ్లు వేశారు. కూలిన ఇళ్లవాళ్లు పక్క పేటల్లోకి వెళ్లి అక్కడ ఇరుకు పెంచారు. అది నాలుగు. 1920ల్లో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు వర్లీ, నాయ్‌గావ్, డెలైల్ రోడ్డు, శివడీల్లో 207 చాళ్లు కట్టింది. వాటినే బి.డి.డి. చాళ్లు అంటాం. 160 చదరపు అడుగుల గది, పొడుగాటి నడవా, చివర అందరికీ కలిపి దొడ్లు. అది అయిదు. ఇప్పుడు అవీ కూల్చి పెద్ద టవర్లు కడుతున్నారు. కట్టేదాకా ఉండే తాత్కాలిక గది ఆరు, టవర్‌లో 500 చదరపు అడుగుల ఫ్లాటు ఏడు. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి విడత తాళాలు ఇచ్చారు. కామాటిపురా కూడా కూల్చి కొత్తగా కట్టే పథకం మ్హాడా చేతిలో ఉంది.

ఇది జరగకూడదు అని మేము అనం. దొడ్డి కోసం తెల్లవారుజామున లైనులో నిలబడిన ఆడవాళ్లని అడిగితే తెలుస్తుంది చాళి అందం ఎంతో. బయట ఉండి చాళి గురించి ముచ్చటగా రాయడం సులువు. సొంత దొడ్డి, సొంత కొళాయి, లిఫ్టు: ఇవి వాళ్ల హక్కు.

కాని చాళి నడవాలో జరిగినవి టవర్‌లో జరగవు. నడవాలో పిల్లి ఎవరిదీ కాదు, అందరిదీ. మూడో గదివాళ్లు చేప ముల్లు పెడితే, అయిదో గదివాళ్లు పాలు పోసేవాళ్లు. పిల్లికి బిచ్చం పెట్టనివాడు అని తెలుగులో పిసినారిని తిడతాం. చాళ్లో ఆ తిట్టు ఎవరికి తగులుతుందో అందరికీ తెలిసేది, ఎందుకంటే పిల్లి ఏ గుమ్మం ముందు ఆగుతుందో అందరూ చూసేవాళ్లు. పిల్లిని చంపిన పాపం గుడి కట్టించినా పోదు అని పెద్దవాళ్లు అంటుంటే పిల్లలు రాయి కింద పారేసేవాళ్లు. కామాటిపురాలో ఇంకో సంగతి. పాలు పోసే చెయ్యి ఏ గల్లీదో, ఆ చెయ్యి ఏ పని చేసి బతుకుతుందో పిల్లి అడగదు. మనుషులం అడిగాం.

కుక్క మనిషిని పట్టుకుని ఉంటుంది, పిల్లి చోటుని పట్టుకుని ఉంటుంది. ఇల్లు ఖాళీ చేస్తే కుక్క వెంట వస్తుంది. పిల్లి ఆ గోడల దగ్గరే ఉండిపోతుంది. పాత చాళిలో అటక మీద, మెట్ల కింద, పగిలిన పెంకుల సందుల్లో పిల్లులు పిల్లల్ని పెడతాయి. జేసీబీ వచ్చే రోజున లోపల ఎన్ని ఉన్నాయో ఎవరు చూస్తారు? రాకా కథ ఇక్కడ మళ్లీ గుర్తొస్తుంది. ఆవం అంటించే ముందు కుండలోకి ఒకసారి తొంగి చూడాలి, అంతే. ప్లేగు కమిటీ చూడలేదు. ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు చూడలేదు. వాళ్లకి దురుద్దేశం లేకపోయినా లోపలివాళ్లు కాలారు. మంచి పని పేరు చెప్పి ముట్టించిన ఆవంలో అద్భుతం ప్రతిసారీ జరగదు.

మన నవల ఎలా ఉండాలి

మన పిల్లల్లో ఎవరైనా ఎప్పుడైనా ఇలాంటి నవల రాస్తే, తెలుగులోనో కన్నడంలోనో మరాఠీలోనో ఇంగ్లీషులోనో, మాకు కొన్ని కోరికలు ఉన్నాయి. కథ 1897 వానాకాలంలో జరగాలి. కొట్టు టీ కొట్టు కానక్కర్లేదు, కల్లు దుకాణమో, సెనగలు వేయించే బట్టీయో అయినా చాలు. దాన్ని నడిపేది ఒక కామాటి ముసలమ్మ. ఆమెకి తెలిసిన మంత్రం ఒక్కటే: సిపాయిలు గుమ్మం మీద రాసిన మూడు అక్షరాలు రాత్రికి రాత్రి మాసిపోయేలా చెయ్యడం. ఆమె ఇంట్లో పాంజ్రాపోల్ నుంచి తప్పించుకొచ్చిన పిల్లి ఒకటి, మాండ్వీ గోదాము నుంచి వచ్చింది ఒకటి. జబ్బు పిల్లని దాచిపెట్టిన జులాహా తల్లి ఒకరోజు తలుపు కొడుతుంది. మిగతాది రాసేవాళ్లు చూసుకుంటారు.

అలాంటి పుస్తకంలో వెచ్చదనం ఎక్కడి నుంచి వస్తుంది? దుప్పటి నుంచి, టీ నుంచి కాదు. బయట లెక్కలోకి రాని ప్రాణాన్ని లోపల ఒకరు లెక్కపెట్టడం నుంచి వస్తుంది. ఆ లెక్క కామాటిపురాకి చరిత్ర పుస్తకాల్లో దక్కలేదు. ఊరు కట్టినవాళ్ల పేరు పెట్టుకున్న పేట, చివరికి ఆ పేరే పలకడానికి సిగ్గుపడే చోటు అయింది. ఆ సిగ్గు మన వాళ్లది కాదు, మన మీద పూసింది. కూల్చేసిన తర్వాత గల్లీ అంకెలు కూడా ఉంటాయో లేదో. పేరు మాత్రం మనం నోటితో చెప్తేనే ఉంటుంది.

కాబట్టి ఇది చదివినవాళ్లని ఒక్కటి అడుగుతున్నాం. మీ ఇళ్లలో కామాటిపురాలోనో, వర్లీలోనో, లోయర్ పరేల్‌లోనో పెరిగిన పెద్దవాళ్లు ఉంటే వాళ్ల పక్కన కూర్చోండి. ఏ గల్లీ, ఏ చాళి, ఎన్నో గది అని అడగండి. ఆ నడవాలో పిల్లి ఉండేదా, దాన్ని ఏ పేరుతో పిలిచేవాళ్లు, ఎవరు పాలు పోసేవాళ్లు అని అడగండి. పెద్ద చరిత్ర అడిగితే మాకేం తెలుసు నాయనా అంటారు. పిల్లి గురించి అడిగితే మొత్తం చాళి చెప్తారు. విన్నది విన్నట్టు, వాళ్ల మాటల్లోనే రాసి పెట్టండి. మరాఠీ కలిసినా ఫరవాలేదు, కన్నడం కలిసినా ఫరవాలేదు.